వికృతి నాటి జ్వరం

తొండియార్‌పేట, మద్రాసు
14 ఏప్రిల్ 1957

అవ్వకు జయంతి నమస్కారాలు.

పంకజం అత్త కాన్పు కోసం నువ్వు చిత్తూరు రైలెక్కినప్పటి నుంచి ఇల్లు బోసిపోయింది. అమ్మ వంటింట్లో, నాయన కొత్తవాల్ చావడి అంగట్లో పసుపు బస్తాల మధ్య. నా కబుర్లు వినే దిక్కు లేదు. అందుకని కాగితానికి చెప్పుకుంటున్నాను. మూర్ మార్కెట్ పాత పుస్తకాల అంగట్లో అట్ట ఊడిన తెలుగు నిఘంటువు ఒకటి దొరికింది. రోజుకో పేజీ చదువుతున్నాను. ‘నెత్తురు’ అనే మాట ఎంత బాగుందో ఇన్నాళ్ళూ గమనించనే లేదు. ‘రక్తం’ అంటే పుస్తకంలో ఉండిపోతుంది. ‘నెత్తురు’ అంటే వేలికి అంటుకుంటుంది.

నెత్తురు సంగతి ఎందుకెత్తానంటే, మీ ఫలితాలు వచ్చాయి. ఫిబ్రవరిలో నేను మీ శుక్రవారం భజన మండలికి వచ్చి అవ్వలందరినీ బతిమాలి మా వైద్య కాలేజీకి తీసుకుపోయాను గదా, ఫ్లూ జ్వరం టీకా కోసం. టీకాకు ముందు కొంచెం నెత్తురు తీశాం, మూడు వారాలాగి మళ్ళీ తీశాం. నర్సు చదువు చదివే అమ్మాయిలకూ అలాగే చేశాం. వయసు పైబడిన ఒంట్లో టీకా ఎంతవరకు పని చేస్తుందో చూడాలని మా నాగలింగం సారు కోరిక.

చూసే పద్ధతి ముచ్చటగా ఉంటుంది. గుంతపొంగణాల పెనంలాంటి పళ్ళెం ఒకటి ఉంది. ఒక్కో గుంతలో ఒకరి నెత్తురులోని తేట, దాంతో ఫ్లూ పురుగు, పైన ఒక చుక్క కోడి నెత్తురు వేస్తాం. తేటలో ఆ పురుగును ఎదిరించే కావలివాళ్ళుంటే కోడి నెత్తురు గుంత అడుగున కుంకుమ బొట్టులా కుదురుగా కూర్చుంటుంది. లేకపోతే పలచగా పరుచుకుపోతుంది. ‘కావలివాళ్ళు’ అన్న మాట నేనే పెట్టాను. సారు ఇంగ్లీషులో ఇంకేదో అంటారు, నాకు ఇదే నచ్చింది.

టీకా వేశాక అమ్మాయిల గుంతల్లో ఒకదాని పక్కన ఒకటి బొట్లే బొట్లు. మీ అవ్వల గుంతల్లో మాత్రం అంతంతమాత్రం. ముసలి ఒళ్ళు కొత్త పాఠం సరిగా నేర్చుకోదన్నమాట. నువ్వు దిగులుపడకు, అందరూ అంతే.

ఈ పనికి సారు మా తరగతి నుంచి నన్నొక్కదాన్నే ఎంచుకున్నారు. నెత్తురు తీయడం, గొట్టాలకు చీటీలంటించడం, మంచుపెట్టెలో దాచడం అన్నీ నావే. బాగా చేస్తే తన వ్యాసంలో నా పేరు కూడా వేస్తానన్నారు. అవ్వా, అచ్చులో నా పేరు.

నీ
జయంతి

---

చిత్తూరు
23 ఏప్రిల్ 1957

చిరంజీవి జయంతికి అవ్వ వాసవాంబ ఆశీర్వాదాలు.

ఈడ అందరం బాగుండాం. పంకజానికి నెలలు నిండినాయి, నడుము నొప్పి అంటా ఉంది. నీ జాబు రెండు తూర్లు చదివినా. మాటలు మెండు, సమాచారం కొంచెం. మీ అమ్మ మోకాలు ఎట్లుందో రాయలేదు, ఊరగాయ జాడీకి కొత్త గుడ్డ కట్టినారో లేదో రాయలేదు. నేను పరీక్ష తప్పినానని మాత్రం పొంగణాల పెనంతో సహా వివరంగా రాసినావు.

తప్పితే తప్పినాను. ఆ పుష్పవల్లికి ఎంతొచ్చింది? అది రాయలేదే. ఆమె నాకంటే ఒక యేడు పెద్దదని మండలిలో ముందు పీట మీద కూచుంటాది, మొదటి కీర్తన ఎత్తుకుంటాది. నేను నోరు తెరిస్తే చాలు, "చిన్నదానివి, నీకేం తెలుసు వాసవీ, కమ్ముని ఉండు" అంటాది. ఆమె నెత్తురు నా నెత్తురు కంటే తెలివైందని మాత్రం రాయబాకు.

ముసలోళ్ళకు కొత్త పాఠం రాదంటే వింతేముంది? మండలిలో కొత్త పాట నేర్పితే వచ్చే శుక్రవారానికి ఒక్కరికీ గుర్తుండదు. పలకా బలపం పట్టినప్పుడు నేర్చిన పాట మాత్రం నిద్రలో లేపి అడిగినా పాడతాం. నెత్తురు కథ కూడా అంతేనేమో, మీ సారునడుగు.

ఇంకొకటి. కోడి నెత్తురు అని రాసినావు. కోడి యాడినుంచి వచ్చింది? మనం శనివారం ఉల్లిపాయ కూడా తాకని వాళ్ళం. నా ఒంట్లోకి ఏమి ఎక్కించినావో దాచకుండా రాయి. మా వయసులూ, మా నెత్తుర్లూ ఊరంతా చదివే వ్యాసంలో రాయొద్దని కూడా మీ సారుకు చెప్పు. మర్యాదగా ఉండదు.

ఆశీర్వాదాలతో
అవ్వ

---

తొండియార్‌పేట
3 మే 1957

అవ్వకు నమస్కారాలు.

అమ్మ మోకాలు నయం. జాడీకి కొత్త గుడ్డ కట్టాం, నిమ్మకాయ ఊరింది, నేను తింటూ రాస్తున్నాను, ఆ మరక అదే.

కోడి నీ దగ్గరికి రాలేదవ్వా, నీ నెత్తురే కోడి దగ్గరికి పోయింది. కాలేజీ వెనక గూట్లో పుంజులున్నాయి. అంతోని అనే ఆయన వాటికి మేత వేస్తాడు. ఒక్కోదానికీ ఒక్కో పేరు. వాటి రెక్క కింద నుంచి చుక్క నెత్తురు తీసుకుంటాం, అవి మళ్ళీ పోయి గింజలు తింటాయి. ఒక్కదాన్నీ చంపరు.

దాచకుండా రాయమన్నావు కాబట్టి ఇంకొకటీ రాస్తున్నాను. టీకా మందును కోడిగుడ్డులో పెంచుతారు. పెంచి, చంపి, వడగట్టి, కడిగి, మందు చేస్తారు. అయ్యేసరికి అందులో గుడ్డు ఉండనట్టే లెక్క.

పుష్పవల్లవ్వ సంగతి నేను చెప్పకూడదు. వైద్యులకు నియమం ఉంది. అయినా ఆమె నీకంటే ముందేమీ లేదు.

నీ
జయంతి

---

చిత్తూరు
13 మే 1957

జయంతికి,

ఆశీర్వాదాలు తరవాత. మొదట గుడ్డు సంగతి.

నీ జాబు చదివి ఒక పూట అన్నం మానేసినా. పంకజం "ఏమ్మా, నోరు చేదుగా ఉండాదా" అని అడిగితే "ఆమా, చేదుగానే ఉండాది" అన్నా. ఏం చెప్పను? అరవై దాటినాక నా మనమరాలు నాకు గుడ్డు పెట్టిందని చెప్పనా? ‘ఉండనట్టే’ అంటే ఏమే? ఉన్నట్టా లేనట్టా?

తరవాత కూచోని ఆలోచించినా. మీ తాతకు దగ్గొచ్చినప్పుడు డాక్టరు చేప నూనె ఇస్తే, కళ్ళు మూసుకొని గోవింద అని తాగినాడు. అది నోట్లోకి పోయింది. ఇది చేతిలోకి పోయింది. నోటికే మడి గానీ చేతికి లేదు గదా. సరి, పోనీ. అయితే పుష్పవల్లి చెవిన మాత్రం వెయ్యొద్దు. తెలిసిందంటే మండలికి మండలీ సముద్రంలో తల మునిగిరావాలని పట్టుపడుతుంది.

పంకజానికి ఆడపిల్ల. నిన్న తెల్లారే పుట్టింది. ముక్కు మీ నాయన ముక్కు. తల్లీ బిడ్డా క్షేమం.

అవ్వ

---

తొండియార్‌పేట
9 జూన్ 1957

అవ్వకు నమస్కారాలు. పాపకు ముద్దులు.

ఇన్నాళ్ళూ రాయలేదని కోప్పడకు. కొత్త ఫ్లూ మద్రాసుకు వచ్చింది, పేపర్లో చూసే ఉంటావు. సింగపూరు వైపు నుంచి ఓడల్లో దిగిందంటున్నారు. మొదట హార్బరు కూలీలకు వచ్చింది, తరవాత మన వీధికి, తరవాత మన ఇంటికి. నాయన జ్వరంలో పసుపు ధరలు కలవరించాడు. అమ్మ లేచేసరికి నేను పడ్డాను. ఇప్పుడు అందరం లేచాం, కాళ్ళు మాత్రం ఇంకా దూదిలా ఉన్నాయి. పెరంబూరు రైలు కార్ఖానాలో సగం మంది పనికి రాలేదట. నువ్వు మాత్రం ఇప్పుడే రాకు. పసిబిడ్డ ఉన్న ఇంట్లోంచి ఈ ఊరికి రావద్దు.

సారు ఇది ఇదివరకు తెలిసిన ఫ్లూ కాదంటున్నారు. వేషం పూర్తిగా మార్చుకుని వచ్చిందట. పాత ఫ్లూలను పట్టుకునే కావలివాళ్ళు దీన్ని చూసి కూడా గుర్తుపట్టరు. అందుకే చిన్నా పెద్దా తేడా లేకుండా పడిపోతున్నారు. నేను లేచీ లేవగానే జ్వరపడి లేచిన వాళ్ళ నెత్తురు తీయడానికి ఆస్పత్రికి పోయాను. మంచుపెట్టె నిండిపోయింది.

గుడ్డు సంగతి పుష్పవల్లవ్వకు తెలిసిపోయింది. నేను చెప్పలేదు. ఆమె కాలేజీకి వచ్చినప్పుడు అంతోనిని "ఆ పుంజులెందుకు నాయనా" అని అడిగిందట. ఆయన మొదటి నుంచి చివరిదాకా చెప్పాడట. మండలి మొత్తం మొన్న సముద్రానికి పోయి తలస్నానం చేసి వచ్చింది. నీ వంతు అలాగే ఉందట.

నీ
జయంతి

---

చిత్తూరు
24 జూన్ 1957

చిరంజీవి జయంతికి ఆశీర్వాదాలు.

మీరంతా లేచినారని చదివి దీపం పెట్టినా. ఆ జ్వరం ఈడికీ వచ్చేసింది. మొదట అల్లుడు పడినాడు, తరవాత పెద్దపిల్లలిద్దరూ, ఆ తరవాత పంకజం. పనిమనిషి చిన్నపొన్ను గూడా రావడం మానేసింది. నిలబడింది నేనొక్కదాన్నే. శొంఠి, మిరియాలు వేసి కషాయం కాచి అందరి నోట్లో పోసినా. పసిదాన్ని ఒళ్ళో పెట్టుకొని, కాలితో తలుపు తీసి, చేత్తో గంజి కలిపినా. నాకు ఒక తుమ్మైనా రాలేదు. అల్లుడు మంచం మీది నుంచి "అత్తా, మీ ఒళ్ళు ఇనుమా" అన్నాడు. "నేను పరీక్ష తప్పిన దాన్ని నాయనా" అన్నా. మీ సారుకు ఇది చెప్పు. ఆయన నర్సు అమ్మాయిలు ఎందరు పడినారో, నేను ఎందుకు పడలేదో కూడా లెక్క వేసుకోమను.

సముద్రం సంగతి నేను వచ్చినాక చూసుకుందాం.

అవ్వ

---

తొండియార్‌పేట
20 జులై 1957

అవ్వకు నమస్కారాలు.

ఈ జాబు జాగ్రత్తగా చదువు, జవాబు ఆలోచించి రాయి. నేను చిక్కులో పడ్డాను.

కొత్త ఫ్లూ పురుగు మా ప్రయోగశాలకు చేరింది. సారుకు ఒక ఆలోచన వచ్చింది. ఫిబ్రవరిలో, అంటే ఈ జ్వరం మన దేశంలో అడుగుపెట్టక ముందు, మీ అందరి దగ్గరా తీసిన నెత్తురు మంచుపెట్టెలో ఉంది గదా. ఆ తేటలకు ఈ కొత్త పురుగును చూపిస్తే ఏమవుతుంది? ఏమీ కాకూడదు. ఎప్పుడూ చూడని దొంగను ఏ కావలివాడు గుర్తుపడతాడు?

అలాగే అయింది. అమ్మాయిల గుంతలన్నీ పలచగా పరుచుకున్నాయి. పుష్పవల్లవ్వదీ అంతే, మిగతా అవ్వలవీ అంతే. ఒక్క గుంతలో మాత్రం ఎర్రటి బొట్టు కుదురుగా కూర్చుంది. చీటీ చూశాను. నీది.

సారు నా వైపు చూశారు. ఆయన అరవరు. అరిస్తే బాగుండేది. "జూన్‌లో జ్వరపడి లేచిన వాళ్ళ గొట్టం ఒకదానికి ఫిబ్రవరి చీటీ అంటించావు, అంతే కదా" అన్నారు. లేదన్నాను. "మరి ఎలా" అన్నారు. ఒక గొట్టం తారుమారైతే మిగతావి మారలేదని నమ్మకమేమిటి? నేను తాకిన గొట్టాలన్నీ పారబోయాల్సి వస్తుందన్నారు. అదే జరిగితే వ్యాసం ఉండదు. నన్ను మళ్ళీ ప్రయోగశాల గడప తొక్కనివ్వరు.

అవ్వా, ఫిబ్రవరికి ముందు నీకు ఇలాంటి జ్వరం ఏదైనా వచ్చిందా? ఓడలో దిగిన వాళ్ళెవరినైనా కలిశావా? ఎప్పటిదైనా సరే, ఎంత పాతదైనా సరే, పెద్ద జ్వరం ఏదైనా గుర్తుంటే రాయి.

నీ
జయంతి

---

చిత్తూరు
27 జులై 1957

జయంతికి,

నాకు ఏ జ్వరమూ రాలేదు. ఓడ ముఖం చూడలేదు. ఓడలో దిగిన వాళ్ళను కలవడానికి నాకేం పని? పుట్టిన కాడి నుంచి నేను గట్టిదాన్నే.

నా నెత్తురులో ఆ జ్వరం ముందే ఉండిందని మీ సారు అంటా ఉండాడా? ఆ మాట మన వీధిలో పడిందంటే ఏమవుతుందో నీకు తెలుసునా? హార్బరు నుంచి రాలేదు, మీ నాయన పేరెత్తి ఏకాంబరం వాళ్ళమ్మ కాడి నుంచి వచ్చిందంటారు. మండలిలో నా పక్కన ఎవరు కూచుంటారు? సుమ్మా, ఊరికే ఒక చుక్క నెత్తురిస్తే ఇంత కథ అవుతుందని తెలిస్తే చెయ్యి చాచి ఉండను.

పసిదానికి ఉగ్గు పట్టాలి. ఇంతటితో ఆపుతా.

అవ్వ

---

తొండియార్‌పేట
4 ఆగస్టు 1957

అవ్వకు నమస్కారాలు.

నీ కార్డు చదివి కొంచెం ఏడ్చాను, తరవాత నవ్వొచ్చింది. నీ నెత్తురులో జ్వరం లేదవ్వా. జ్వరాన్ని పట్టుకునే కావలివాళ్ళున్నారు. దొంగ ఉండటం వేరు, దొంగ మొహం తెలిసిన కావలివాడు ఉండటం వేరు. నీ వల్ల ఎవరికీ ఏమీ రాదు. పైగా చిత్తూరులో అందరూ పడినా నువ్వొక్కదానివి ఎందుకు నిలబడ్డావో ఇప్పుడు అర్థమవుతోంది. ఆ జాబు సారుకు చదివి వినిపించాను. ఆయన తల ఊపారు గానీ, మనవరాలు తెచ్చిన సాక్ష్యం సాక్ష్యం కాదన్నారు.

పరీక్ష మళ్ళీ చేశాను. నీ గొట్టంలో అడుగున మిగిలిన తేటతో, అంతోని ఎదురుగా, కొత్త పళ్ళెంలో. మళ్ళీ అదే బొట్టు. సారు పళ్ళెం వెలుగులోకి పట్టి చూశారు. "1890లో ప్రపంచమంతా తిరిగిన జ్వరం ఒకటి ఉండేదని చదివాను. ఇప్పుడు వచ్చింది దాని వంశంలోదేమోనని నాకొక పిచ్చి ఊహ. ఈమెకు డెబ్భై ఉంటే నేను నమ్మేవాణ్ణి. అరవై ఆరుకు ఎలా నమ్మను? అప్పటికి ఈమె పుట్టనే లేదు" అన్నారు.

నీ వయసు నేనే రాశాను. నువ్వు ఖర నామ సంవత్సరం అన్నావు, పంచాంగం చూసి లెక్క కట్టాను. ఖర 1891. సారు మాటే నిజం. కాబట్టి తప్పు నాదే అయి ఉండాలి. ఎక్కడ జరిగిందో తెలియని తప్పు. నిఘంటువంతా వెతికినా దానికి మాట దొరకలేదు.

పైవారం సోమవారం గొట్టాలన్నీ పారబోస్తారు. ఆ రోజు నేను తారుమారు చేశానని ఒప్పుకుంటూ ఒక కాగితం ఇవ్వాలి. ఇస్తాను. నీ మీద నాకేం కోపం లేదు. పాపకు ఉగ్గు ఎక్కువ పట్టకు.

నీ
జయంతి

---

చిత్తూరు
7 ఆగస్టు 1957

నా బంగారు జయంతికి అవ్వ రాసేది.

ఆ కాగితం ఇవ్వొద్దు. నువ్వు ఏ గొట్టమూ మార్చలేదు. మారింది నేను పుట్టిన సంవత్సరం.

నేను ఖరలో పుట్టలేదు. సర్వజిత్తులో పుట్టినా. నాలుగేళ్ళు ముందు. ఈ సంగతి అప్పుడు తెలిసిన వాళ్ళు మా అమ్మ, మా నాయన, జాతకం తిరగరాసిన పురోహితుడు. ముగ్గురూ పోయినారు.

మా నాయనా మీ తాతవాళ్ళ నాయనా కొత్తవాల్ చావడిలో పక్క పక్క అంగళ్ళు. ఇద్దరిదీ పసుపే. వియ్యమందాలని ఇద్దరికీ ఆశ. అయితే పిల్లవాడు విరోధిలో పుట్టినాడు, నేను వాడికంటే రెండేళ్ళు పెద్ద. పెళ్ళికూతురు పెద్దదైతే మన వాళ్ళలో ఎవరు ఒప్పుకుంటారు? తూకంలో గింజ తగ్గించని మా నాయన నా వయసులో నాలుగేళ్ళు తగ్గించినాడు. తగ్గించినా చెల్లింది. ఎందుకంటే నేను పిట్టంత ఉండేదాన్ని.

ఎందుకు పిట్టంత ఉండేదాన్నో ఇప్పుడు రాస్తా, మీ సారుకు చదివి వినిపించు. వికృతి సంవత్సరం, ఉగాది పచ్చడి తిన్న కొన్నాళ్ళకు మద్రాసులో జ్వరం వచ్చింది. నాకప్పుడు మూడేళ్ళు. మా వీధిలో పొయ్యి వెలిగించే మనిషి లేకుండా పోయినారని మా అమ్మ చెప్పేది. ఇంట్లో మంచాలు చాలక నన్ను అంగట్లో పసుపు బస్తాల మీద పడుకోబెట్టినారంట. ఆ ముక్క నాకే గుర్తుంది. చేతులు చూసుకుంటే పచ్చగా ఉండినాయి. నేను చచ్చిపోయి అమ్మవారినైపోయినానని అనుకున్నా. లేచినాక జుట్టంతా రాలిపోయింది, ఆపైన చాన్నాళ్ళు ఎదగనే లేదు. అప్పుడు పుష్పవల్లి ఇంకా పుట్టలేదు. ఆమె ఆ యేడే మార్గశిరంలో పుట్టింది.

నువ్వు ఏ జ్వరమైనా వచ్చిందా అని అడిగినప్పుడు ఇదే గుర్తొచ్చింది. రాద్దామంటే వికృతిలో మూడేళ్ళదాన్నని రాయాల, రాస్తే ఖర పోతుంది. అందుకే ఓడా గీడా అని కసిరినా. మీ సారు డెబ్భై అన్న మాట చదివినాక మాత్రం జాబు కింద పెట్టలేకపోయినా. నాకిప్పుడు డెబ్భై.

ఈ జాబు మీ సారుకు చూపించు. మీ నాయనకు చూపించొద్దు. వ్యాసంలో డెబ్భై అని రాసుకోమను, పేరు మాత్రం వద్దు.

సోమవారానికి అందుతుందో లేదోనని అల్లుణ్ణి స్టేషనుకు పంపిస్తా ఉండా, రైలు తపాలా డబ్బాలో వేసి రమ్మని.

అవ్వ

---

తొండియార్‌పేట
25 ఆగస్టు 1957

అవ్వకు వేయి నమస్కారాలు.

నీ జాబు ఆ సోమవారానికి ముందు శనివారమే అందింది. నేను బస్సు కోసం ఆగకుండా రిక్షాలో సారు ఇంటికి పోయాను. ఆయన వాకిట్లో నిలబడే చదివారు. సర్వజిత్తు, వికృతి, విరోధి అని నేను సంవత్సరాలు చెబుతుంటే ఆయన తమిళ పంచాంగంలో అవే పేర్లు వేళ్ళ మీద లెక్కపెట్టారు. వికృతి 1890 అని తేలాక "నీ చీటీలు సరిగానే ఉన్నాయి" అన్నారు. అంతే. కానీ సోమవారం ఒక్క గొట్టమూ పారబోయలేదు.

అంతటితో ఆగలేదు. ఒక్క అవ్వ మాట మీద వ్యాసం రాయలేమని, మంచుపెట్టె అడుగున వేరే పనికోసం కిందటేడు దాచిన గొట్టాలు బయటికి తీయించారు. అందులో డెబ్భై దాటిన వాళ్ళవి, పోల్చడానికి చిన్నవాళ్ళవి కూడా ఏరి పళ్ళెంలో పెట్టాను. అంతోని పళ్ళెం పట్టుకున్నాడు. అవ్వా, వాటిలో కొన్నింటిలో బొట్లు కూర్చున్నాయి. అందరిలో కాదు, కొందరిలో. అరవై అయిదు లోపు వాళ్ళలో ఒక్కటీ లేదు. సారు కుర్చీ లాక్కుని కూర్చుని చాలాసేపు గడ్డం గోక్కున్నారు.

నువ్వు ఏప్రిల్‌లోనే రాశావు, కొత్త పాట నిలవదు, పలక పట్టినప్పటి పాట పోదని. నేను వేళాకోళమనుకుని సారునడగనే లేదు. ఇప్పుడు చదివి వినిపించాను. ఆ వాక్యం ఇంగ్లీషులో ఎలా రాయాలని ఆయన నన్నే అడిగారు. నాకు రాలేదు. తెలుగులో మాత్రం కాలేజీ పత్రికకు రాసి ఇచ్చాను. ‘కావలివాళ్ళు’ అన్న మాట సంపాదకుడికి నచ్చింది.

అచ్చులో నా పేరు ఉంటుంది. నీ పేరు ఉండదు. ‘డెబ్భై ఏళ్ళ స్త్రీ, మద్రాసు’ అని ఉంటుంది.

ఒక్క మాట అడుగుతాను, ఇష్టమైతేనే చెప్పు. తాతకు ఎప్పుడూ తెలియలేదా?

నీ
జయంతి

---

చిత్తూరు
2 సెప్టెంబరు 1957

చిరంజీవి జయంతికి ఆశీర్వాదాలు.

తెలియదనే అనుకున్నా. యాభై ఏళ్ళకు పైగా ఆ మాట పొరపాటున నోట రాకుండా నాలుక కరుచుకొని బతికినా. ఎవరైనా నా చిన్నప్పటి సంగతి అడిగితే లేచి పొయ్యి కాడికి పోయేదాన్ని.

మీ తాత షష్టిపూర్తి గుర్తుందా? నువ్వు పట్టు పావడా వేసుకొని పన్నీరు చల్లినావు. మళ్ళీ తాళి కట్టేటప్పుడు ఆయన వంగి ముడి వేస్తా, మేళం మోగుతా ఉండంగా, నా చెవిలో "నీది రెండేళ్ళ కిందటే అయిపోయింది గదే, వాసూ" అన్నాడు. పంతులు అక్షింతలు వెయ్యమంటే ఎవరి మీద వేసినానో నాకే తెలియదు.

అందరూ పోయినాక అడిగినా, ఎప్పుడు తెలిసిందని. "మన పెళ్ళిలో తలంబ్రాలప్పుడు నువ్వు నవ్వినావు. నా పక్క పళ్ళు అప్పుడే ఊడి సందులుండినాయి. ఆరేళ్ళదని చెప్పిన పిల్లకు నోరంతా కొత్త పళ్ళు మొలిచి ఉండాయి. పసుపు వ్యాపారి కొడుకును, సరుకు చూసి వయసు చెప్పలేనా" అన్నాడు. మరి ఇన్నాళ్ళూ ఎందుకు అడగలేదంటే, "నువ్వు చెప్తావని చూస్తా ఉండినా" అన్నాడు.

ఇది హేవిళంబి. మా పెళ్ళి కిందటి హేవిళంబిలో, అరవై ఏళ్ళ కింద అయింది. ఆయన ఉండి ఉంటే ఈ యేడు ఏదో ఒక వంకతో మళ్ళీ ఏడిపించి ఉండేవాడు.

అందుకని చెప్తా ఉండా. ఇంక దాచేది లేదు. మీ నాయనకు నువ్వే చదివి వినిపించు, ఆయన కూడా నవ్వుకోనీ. మీ సారుకు చెప్పి ‘డెబ్భై ఏళ్ళ స్త్రీ’ అని ఉన్నకాడ వాసవాంబ అని రాయించు. పసిదానికి నాలుగో నెల నిండినాక పంకజాన్ని అల్లుడికి అప్పగించి రైలెక్కుతా. సముద్రంలో మునకేసి, ఆ తరవాతి శుక్రవారం మండలికి వస్తా.

పుష్పవల్లికి ఇప్పుడే కబురు పెట్టు. ముందు పీట ఖాళీ చేసి పెట్టుకోమను, అక్కా అని పిలవడం ఈ లోపల అలవాటు చేసుకోమను.

అవ్వ
వాసవాంబ, సర్వజిత్తు